సేఫ్ అని రాసున్న చోట బోరు ఎందుకు ఎండిపోతోంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల భూగర్భజలాల లెక్కలు తీసి చూస్తే భయపడాల్సిందేమీ కనపడదు. మండలాల్లో చాలావాటి ఎదురుగా 'సేఫ్' అనే రాసుంటది. వాన ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి అటూ ఇటూగా పడుద్ది, అనంతపురం వాళ్ళకి దాంట్లో సగమే గగనం. ఇక నదులంటారా, వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా, సువర్ణముఖి, వేగావతి, చంపావతి, గోస్తని, ఒక చేతి వేళ్ళు చాలవు. అయినా సరే ఫిబ్రవరి వెళ్ళి మార్చి వచ్చేసరికి కాలవ అందని మెరక ఊళ్ళలో, కొండవార ఊళ్ళలో బోరు మోటరు నీళ్ళతో పాటు గాలి కక్కడం మొదలెడుతుంది, గంటసేపు పోసి ఆగిపోద్ది, మళ్ళీ రెండు గంటలు ఆగితే గానీ పోయదు, సరిగ్గా అప్పుడే మొక్కజొన్న కంకికి తడి కావాలి. మరి సేఫ్ అని ఎలా రాశారు? లెక్క తప్పా అంటే కాదు, లెక్క కరెక్టే. ఆ లెక్క అడిగే ప్రశ్న వేరు, రైతు అడిగే ప్రశ్న వేరు, గొడవంతా అక్కడుంది.

ముందు ఆ సేఫ్ అనే మాట ఎలా వస్తుందో చూద్దాం. కేంద్ర భూగర్భ జల బోర్డు, రాష్ట్ర భూగర్భ జల శాఖ కలిసి ఒక ఏడాదిలో వాన వల్ల, కాలవల వల్ల, చెరువుల వల్ల, పొలానికి పెట్టిన నీళ్ళ వల్ల భూమిలోకి ఎంత ఇంకింది అని ఒక అంచనా వేస్తారు. అందులో వాడుకోవడానికి వీలైనదెంత, దాంట్లో బోర్లు, బావులు తోడేసింది ఎంత శాతం అని చూస్తారు. 70 శాతం లోపైతే సేఫ్, 70 నుంచి 90 అయితే సెమీ క్రిటికల్, 90 నుంచి 100 క్రిటికల్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. దేశం మొత్తం మీద 2023 లెక్కలో ఈ శాతం 59 చిల్లర వచ్చింది, పంజాబ్ లాంటి చోట్ల ఎప్పుడో వంద దాటేసింది. మన రెండు జిల్లాలు ఆ గీతకి చాలా కిందే ఉన్నాయి. కానీ ఇది ఏడాది మొత్తానికి వేసిన లెక్క, పైగా మండలం మొత్తానికి వేసిన సగటు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలవ కింద పల్లపు పొలాలూ, అదే మండలంలో కాలవ ఎక్కని మెరక పొలాలూ ఒకే గంపలో పడిపోతాయి. కాలవ కింద ఇంకిన నీళ్ళు మెరక ఊరి ఖాతాలో కూడా జమైనట్టు కాగితం మీద కనపడుద్ది. వాన నీళ్ళు జూన్ నుంచి అక్టోబరు దాకా వచ్చి మార్చికి లేకపోయినా ఏడాది శాతం మాత్రం మారదు.

అసలు కథ రాయిలో ఉంది. ఈ రెండు జిల్లాల్లో సముద్రం ఒడ్డున ఇసక పట్టీ, నదుల పక్కన ఒండ్రు, ఇవి తీసేస్తే మిగిలిందంతా తూర్పు కనుమల గట్టి రాయి. ఖోండలైట్, చార్నొకైట్, గ్రానైట్ నైస్ లాంటివి. ఖోండలైట్ అన్న పేరు మన పక్క కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల మీద పెట్టిందే. గట్టి రాయిలో నీళ్ళు నిలవడానికి ఖాళీ ఉండదు. పైన కొన్ని లక్షల ఏళ్ళుగా ఎండకీ వానకీ కుళ్ళి మెత్తబడిన పొర ఒకటుంటది, అది ఒకచోట 5 మీటర్లు, ఇంకోచోట 20 మీటర్లు, దాని కింద రాయిలో అక్కడక్కడ పగుళ్ళు. మనం భూగర్భజలం అంటున్నదంతా ఈ కుళ్ళు పొరలోనూ ఆ పగుళ్ళలోనూ ఉన్నదే. భూమి కింద నది పారుతుందనీ, పాతాళ గంగ ఉందనీ చాలామంది మనసులో ఒక బొమ్మ ఉంటది, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన కూడా జలపడింది, నరం తగిలింది అంటూ ఆ బొమ్మనే అమ్ముతాడు. ఈ రాళ్ళలో ఉన్నది నది కాదు, తడిసిన స్పాంజి లాంటిది, అదీ పలచటి స్పాంజి.

ఎంత పలచనో అంకెల్లో చూస్తే గానీ అర్థం కాదు. ఒక ఘనపు మీటరు కుళ్ళు రాయిని నీళ్ళతో నింపి కిందకి వదిలితే దాన్నుంచి కారేది మొత్తం పరిమాణంలో 1 నుంచి 3 శాతమే, అంటే ఒక ఘనపు మీటరుకి 10 నుంచి 30 లీటర్లు. తీరం వైపు ఇసకలో అదే 10 శాతం పైన ఉంటది. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. 2 శాతం రాయిలో నీటిమట్టం ఒక మీటరు దిగిందంటే అక్కడ మనం తీసింది 20 మిల్లీమీటర్ల నీళ్ళే, ఒక మోస్తరు జల్లంత. అదే ఇసకలో 20 మిల్లీమీటర్లు తీస్తే మట్టం 20 సెంటీమీటర్లు కూడా దిగదు. అందుకే ఇక్కడ బావుల్లో నీళ్ళు వానకి ఎంత గబగబా పైకొస్తాయో ఎండకి అంత గబగబా దిగిపోతాయి. ఆగస్టులో చేత్తో ముంచుకునేలా ఉన్న బావి ఏప్రిల్‌లో చేంతాడు చాలకుండా అయిపోద్ది, అందులో వింతేం లేదు, కుండ చిన్నది, అంతే.

ఖోండలైట్‌లో ఇంకో తిరకాసు ఉంది. అది కుళ్ళితే బంకమన్నులా అవుద్ది. బంకమన్ను నీళ్ళు బాగానే పట్టుకుంటది గానీ ఒక పట్టాన వదలదు, తడి గుడ్డని గట్టిగా పిండినా ఇంకా తడిగానే ఉన్నట్టు. రిగ్గు వాడు 60 అడుగుల దాకా తడి మట్టి పడిందని చూపిస్తాడు, రైతుకి ఆశ పుడుతుంది, మోటరు దించాక అరంగుళం నీళ్ళు కూడా రావు. పక్క చేనులో గ్రానైట్ పగులు తగిలినవాడికి రెండంగుళాలు పోస్తుంటే ఇది అదృష్టం అనుకుంటారు గానీ ఎక్కువ భాగం రాయి రకమే.

సరే, ఈ చిన్న కుండలోకి ఏడాదికి ఎంత పడుతుంది? గట్టి రాయి నేలల్లో పడిన వానలో భూమి లోపలిదాకా ఇంకేది ప్రభుత్వ లెక్కల పద్ధతి ప్రకారం రాయిని బట్టి 5 నుంచి 11 శాతం, మధ్యస్తంగా 8 అనుకుందాం. వెయ్యి మిల్లీమీటర్ల వానకి 80 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4 వేల లీటర్లు, కాబట్టి ఎకరానికి ఏడాది జమ 3 లక్షల 20 వేల లీటర్లు. ఇప్పుడు ఖర్చు చూద్దాం. వాన లేని రబీలో బోరు కింద వరి వేస్తే దమ్ము దగ్గర్నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్లు సులువుగా పట్టేస్తుంది, అంటే 48 లక్షల లీటర్లు, 15 ఎకరాల జమ. మొక్కజొన్నకి 500 వేసుకుంటే 20 లక్షలు, ఆరెకరాల జమ. పొలంలో పెట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందకి ఇంకుతాయి, వరిలో అయితే బాగానే ఇంకుతాయి, అది తీసేసినా ఒక ఎకరం రబీ పంట ఒక ఎకరం నేల కింద నీళ్ళతో పండదన్నది మాత్రం ఖాయం. చుట్టుపక్కల నేల కింద నీళ్ళు కూడా అది లాగాలి.

ఒక బోరు వైపు నుంచి చూస్తే ఇదే ఇంకా కళ్ళకి కడుతుంది. సెకనుకి రెండు లీటర్లు పోసే బోరు, ఇక్కడి రాళ్ళలో అది మంచి బోరు కిందే లెక్క, రోజుకి 9 గంటల కరెంటు మొత్తం నడిస్తే 65 వేల లీటర్లు తోడుద్ది. వంద రోజులకి 65 లక్షలు. అంటే 20 ఎకరాల మీద ఏడాదంతా ఇంకిన నీళ్ళు ఒక్క బోరు తాగేసింది. ఇక్కడ కమతాలు ఎక్కువగా రెండెకరాల లోపువే, కాబట్టి ఒక బోరు అంటే పదిమంది రైతుల కింద ఉన్న నీళ్ళు. ఆ పదిమందిలో ఇద్దరు ముగ్గురు కూడా బోరు వేశారనుకోండి, జనవరిలో అందరికీ పోస్తుంది, ఫిబ్రవరిలో ఒకరిది తగ్గుద్ది, మార్చిలో అందరివీ తగ్గుతాయి, అప్పుడు మొదలయ్యేదే 'వాడు బోరేశాకే మాది ఎండింది' అన్న గొడవ. అందులో నిజం లేకపోలేదు. బోరు నడిచేటప్పుడు దాని చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది, రెండు గరాటులు కలిసిన చోట ఇద్దరికీ తగ్గుద్ది, లోతు తక్కువున్న వాడిది ముందు పోద్ది. పాత నేలబావి ఉన్నవాడి పరిస్థితి మరీ అన్యాయం, 30 అడుగుల బావి పక్కన 200 అడుగుల బోరు పడితే ఆ బావి ఇక చెత్త వేసుకోవడానికే.

నేలబావుల కాలంలో ఈ గొడవ ఎందుకు లేదంటే అప్పటి మనుషులు ఏదో మంచివాళ్ళని కాదు. ఏతాం తొక్కి తోడితే పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక మనిషి ఒళ్ళు ఎంత వంగుతుందో అంతే నీళ్ళు, రాత్రికి బావి మళ్ళీ ఊరేది. తోడే చెయ్యే ఒక హద్దు. ఆయిల్ ఇంజన్ వచ్చాక ఆ హద్దు డీజిల్ ఖర్చు అయ్యింది. కరెంటు మోటరు వచ్చాక హద్దు బిల్లు అయ్యింది, 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఆ హద్దు కూడా పోయి కరెంటు ఎన్ని గంటలు ఇస్తారన్నదే మిగిలింది. ఉచిత కరెంటు తప్పని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, కాలవ కింద రైతుకి నీళ్ళు దాదాపు ఉచితంగా ఇస్తూ మెరక రైతుని మాత్రం బిల్లు కట్టమనడం ఏ లెక్కన న్యాయం? కానీ దాని వల్ల ఒకటి జరిగింది. మోటరుకి ఆటో స్టార్టరు తగిలించేసి రైతు ఇంటికెళ్ళిపోతాడు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు తిరుగుద్ది, మడి నిండి గట్టు పొర్లినా ఆపేవాడు లేడు.

మోటర్లకి మీటర్లు పెట్టే ప్రయోగం 2020లో మొదలైంది కూడా శ్రీకాకుళం జిల్లాలోనే. ఉచిత కరెంటు డబ్బులు రైతు ఖాతాలో వేసి అక్కడి నుంచి డిస్కంకి, అంటే కరెంటు పంపిణీ కంపెనీకి, కట్టించే పద్ధతి. మూడోవంతు దాకా కరెంటు ఆదా అయ్యిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది, రేపు బిల్లు వసూలు చేస్తారని రైతు సంఘాలు, ప్రతిపక్షాలు గట్టిగా ఎదురుతిరిగాయి. రాజకీయం పక్కన పెడితే ఆ ప్రయోగంలో అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు, అది నీళ్ళ గురించి. ఆదా అయిన కరెంటు నిజంగా తక్కువ తోడినందువల్ల ఆదా అయ్యిందా, లేక ఇదివరకు అడ్డదిడ్డంగా అంచనా వేసిన వాడకం మీటరు వల్ల సరిగ్గా తెలిసిందా అన్నదాన్ని బట్టి బావిలో నీళ్ళ సంగతి తేలుతుంది. మీటరు కరెంటు కొలిచింది, బావిని కొలవలేదు.

అదే 2020 సెప్టెంబరులో ఇంకో పథకం వచ్చింది, జలకళ, చిన్న సన్నకారు రైతులకి ఉచితంగా బోర్లు. ఒక చేత్తో ఆదా, ఇంకో చేత్తో కొత్త బోర్లు. బోరు లేని పేద రైతుకి బోరు ఇవ్వడం తప్పు అని ఎవరూ అనలేరు, వలస పోయేవాడు ఒక పంట అదనంగా పండితే ఆగుతాడన్న ఆశ కూడా నిజమే, ఈ జిల్లాల నుంచి విశాఖ, హైదరాబాద్, చెన్నై కూలికి పోయేవాళ్ళని చూస్తే ఆ ఆశ ఎంత విలువైందో తెలుస్తుంది. కానీ ఊళ్ళో మొత్తం కుండ ఎంత అన్నది చూడకుండా గరిటెలు పెంచుకుంటూ పోతే ప్రతి గరిటెకీ వచ్చేది తగ్గుతుంది. 2002లో వచ్చిన వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల) చట్టం దీనికోసమే, బోరుకి అనుమతి, బోరుకీ బోరుకీ మధ్య దూరం, రిగ్గులకి రిజిస్ట్రేషన్, అన్నీ అందులో ఉన్నాయి. ఊళ్ళోకి రాత్రి పది గంటలకి రిగ్గు వచ్చి తెల్లారేసరికి బోరు దించి వెళ్ళిపోతుంటే ఆ చట్టం ఎక్కడుందో అడక్కండి. దానికి తోడు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దగ్గర్నుంచి వస్తున్న అలవాటు ఒకటుంది, నేల నాది కాబట్టి కింద నీళ్ళూ నావే అని. పైన చూసిన 20 ఎకరాల లెక్క ముందు ఆ మాట నిలబడదు.

నీళ్ళు తగ్గితే మనవాళ్ళు మొదట చేసే పని ఇంకా లోతుకి వెళ్ళడం. రాయలసీమలో వెయ్యి అడుగుల బోర్ల కథలు విని ఇక్కడా 300, 400 అడుగులు దించుతున్నారు. ఈ రాళ్ళలో పగుళ్ళు ఎక్కువగా పైన వంద మీటర్ల లోపే ఉంటాయి, కిందకి పోయేకొద్దీ రాయి బరువుకి అవి మూసుకుపోతూ వస్తాయి. ఒకవేళ లోతున పగులు తగిలినా దాంట్లో నీళ్ళు ఎక్కడివి? పైన కుళ్ళు పొరలోంచి దిగినవే. పైన ఎండితే కింద కూడా కొన్నాళ్ళకి ఎండాల్సిందే. అంటే లోతు బోరు కొత్త నీళ్ళు కనిపెట్టదు, ఉన్న అవే నీళ్ళని పక్కవాడి కంటే ముందు లాగుతుంది. దానికోసం పెట్టే లక్ష, లక్షన్నర అప్పు మాత్రం కొత్తది.

ఇక్కడ ఒక విషయం చాలామంది పట్టించుకోరు, బోర్లు అసలే లేని ఊళ్ళో కూడా నీటిమట్టం డిసెంబరు నుంచి దిగుతూనే ఉంటది. నేల వాలు అలాంటిది, పడమర కొండల నుంచి తూర్పున సముద్రం దాకా ఎక్కడా పెద్ద దూరం లేదు. భూమిలో ఉన్న నీళ్ళు ఊటగా గెడ్డల్లోకి, అంటే చిన్న వాగుల్లోకి, గెడ్డల నుంచి నదుల్లోకి, అక్కడ్నుంచి సముద్రంలోకి నెమ్మదిగా జారిపోతూ ఉంటాయి. వానలు ఆగిన చాలా వారాల తర్వాత కూడా గెడ్డలో సన్నగా నీళ్ళు పారడం చూస్తాం కదా, అది ఆ ఊటే. కాబట్టి కుండ చిన్నది మాత్రమే కాదు, అడుగున చిల్లు కూడా ఉంది. బోర్లు ఎక్కువైన చోట మొదట కనపడే గుర్తు బావి ఎండడం కూడా కాదు, ఇదివరకు సంక్రాంతి దాకా పారిన గెడ్డ కార్తీకానికే ఆగిపోవడం. గెడ్డ ఆగిందంటే ఊట కిందకి దిగిందన్నమాట. దీన్ని ఏ ఆఫీసు లెక్కలోనూ ప్రత్యేకంగా రాయరు, పశువులు కాసేవాళ్ళకి మాత్రం తెలుసు.

ఇంకో చిత్రం అక్టోబరు వానల్ది. ఉత్తరాంధ్రకి తుఫాన్లు ఎక్కువగా అప్పుడే, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే ఒడ్డు దాటాయి. అప్పటికి నైరుతి వానలతో ఆ పలచటి పొర నిండిపోయి ఉంటది, బావులు అంచు దాకా ఉంటాయి, ఇంక పడిన వాన ఎక్కడికి ఇంకాలి? ఇంకే చోటు లేక గెడ్డ పట్టి పోతుంది. ఏడాదిలో ఎక్కువ నీళ్ళు ఒక్కసారిగా దొరికే రోజుల్లోనే భూమికి కడుపు నిండి ఉంటది, ఆకలేసే టైంకి వాన లేదు. ఇంకుడు గుంతలు తవ్వితే అన్నీ బాగుపడతాయని చెప్పేవాళ్ళు ఈ ఒక్క సంగతి మర్చిపోతుంటారు. నిండిన కుండకి గరాటు పెట్టినా లాభం లేదు. ఆ నీళ్ళని భూమి పైన ఆపి, డిసెంబరు తర్వాత కుండలో చోటు ఏర్పడుతుంటే కొద్దికొద్దిగా దించాలి. ఆ పని చేసేది చెరువు.

మన పెద్దలు భూగర్భ శాస్త్రం చదివి కట్టలేదు గానీ ఈ రెండు జిల్లాల్లో వేల కొద్దీ చెరువులు, బందలు, కోనేర్లు ఎందుకున్నాయో ఇప్పుడు చూస్తే అర్థమవుద్ది. ఊరికి ఎగువన చెరువు, గట్టు కింద మదుము, అంటే నీళ్ళు వదిలే తూము, దాని కింద పల్లం, పల్లంలో బావులు. చెరువు నీళ్ళు మదుము లోంచి వరికి పోయేవి ఒక ఎత్తు, గట్టు కిందనించి ఊరుతూ బావుల్లోకి పోయేవి ఇంకో ఎత్తు, ఈ రెండో పని లెక్కలో లేదు కాబట్టే చెరువు పోయినా ఎవరికీ నష్టం కనపడలేదు. బోరు వచ్చాక మదుము బాగుచేసే పని ఎవరికీ పట్టలేదు. ఎగువ నుంచి చెరువుకి నీళ్ళు తెచ్చే కాలవని ఒకరు పొలంలో కలుపుకున్నారు, ఇంకొకరు దాని మీద లేఅవుట్ రోడ్డు వేశారు, చెరువు శిఖం, అంటే నీళ్ళు నిలిచే నేల, మీద ఇళ్ళ పట్టాలు. అడుగున పూడు, బంకమట్టి పేరుకుపోయి నీళ్ళు నిలిచినా ఇంకవు.

పూడిక తీయడానికి పథకాలు తక్కువేం రాలేదు. 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు, మధ్యలో ఉపాధి హామీ. ఉపాధి హామీ మొదటి విడతలోనే, 2006లో, విజయనగరం జిల్లాకి వచ్చింది, చెరువు పనులు, పంట కుంటలు ఆ డబ్బుతో చాలా జరిగాయి. పనికొచ్చినవీ ఉన్నాయి, కాగితం మీద మిగిలినవీ ఉన్నాయి. తవ్వే పద్ధతిలోనే ఒక తేడా ఉంది. మనుషులు పలుగు పారతో పైపైన పూడు తీసుకుంటూ పోతే ఆ మట్టి పొలాలకి ఎరువుగా వెళ్ళేది, చెరువు అడుగు సమంగా ఉండేది. జేసీబీ దిగి మట్టి టిప్పర్లకి ఎక్కడం మొదలయ్యాక ఒకే చోట పది అడుగుల గొయ్యి, అది మదుము కంటే కిందకి పోద్ది, అందులో నీళ్ళు పొలానికి ఎక్కవు, చెరువులో పశువు దిగితే మునిగిపోద్ది. అలాంటి గొయ్యి కొంత ఇంకుడుకి పనికొస్తుందన్న మాట నిజమే అయినా ఆ తవ్వకం ఉద్దేశం ఇంకుడు కాదని తవ్వేవాడికీ తెలుసు, ఊరికీ తెలుసు.

నదుల సంగతి క్లుప్తంగా. నాగావళి, వంశధార, చంపావతి ఇసకలో ఊటబావులు తవ్వి ఊళ్ళకి, పట్నాలకి మంచినీళ్ళు ఇస్తున్నారు. ఇసక అంటే నీళ్ళు దాచే మంచి స్పాంజి, పైన చెప్పుకున్న 10 శాతం పైన ఉన్న రకం. ఇసక తోడేస్తే నది అడుగు దిగుతుంది, నది అడుగు దిగితే ఒడ్డున ఉన్న బావుల్లో నీళ్ళు కూడా దానితో పాటే దిగుతాయి. లారీలో పోయింది ఇసక మాత్రమే అనుకుంటాం.

తీరం కథ పూర్తిగా వేరు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఇసక పట్టీలో నీళ్ళు పైనే దొరుకుతాయి, ఫిల్టర్ పాయింట్, అంటే అడుగున జల్లెడ ఉన్న గొట్టం, దించితే చాలు. అక్కడ సమస్య ఎండడం కంటే ఉప్పెక్కడం. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కంటే తేలిక కాబట్టి ఇసకలో ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు తేలుతూ ఉంటాయి, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్ళుంటే కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీళ్ళే అని లెక్క. ఇది వినడానికి బాగుంది, తిరగేస్తేనే భయం. పైన ఒక మీటరు తగ్గిస్తే కింద 40 మీటర్లు ఉప్పు పైకి ఎక్కగలదు. ఒక్కసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తియ్యబడటానికి ఏళ్ళు పడుతుంది. కొబ్బరి తోట పక్కన రొయ్యల చెరువు తవ్వినప్పుడు ఆ ఒక్క మీటరు మీద ఎవరి కన్నూ పడదు.

ఉద్దానం గురించి ఒక మాట చెప్పకపోతే బాగోదు, ఎందుకంటే ఇక్కడ భూగర్భజలం అనగానే అందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఆ జబ్బుకి కారణం నీళ్ళేనా, ఇంకేదైనా కలిసిందా అన్నది ఇప్పటికీ తేలలేదు, ఎన్నో పరిశోధనలు జరిగినా. దాన్నీ నీటిమట్టం తగ్గడాన్నీ ఒకే తాడుకి కట్టి మాట్లాడటం సరికాదు. జరిగింది మాత్రం ఒకటుంది, హిరమండలం నుంచి వంశధార నీళ్ళని పైపుల్లో ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. తాగడానికి బావి మీద ఆధారం తగ్గింది, తోటలకి మాత్రం ఇంకా అదే బావి.

ఇప్పుడు మళ్ళీ మొక్కజొన్న దగ్గరకి. ఇదివరకు వరి కోతకి కాస్త ముందు తడి నేలలో పెసర, మినుము చల్లేవారు, నీళ్ళు పెట్టే పనే లేదు, మంచు, నేలలో మిగిలిన తడి వీటితోనే పండేవి. ఎల్లో మొజాయిక్ అనే ఆకులు పసుపెక్కే తెగులు వచ్చి పెసర, మినుము దెబ్బతింటున్నాయి, దిగుబడి చేతికొచ్చేది కొంచెమే, అదే మొక్కజొన్న అయితే దున్నకుండా వరి మోళ్ళ మధ్యే గింజ పెట్టేయొచ్చు, ఎకరానికి బస్తాలు బాగా దిగుతాయి, కొనేవాడు ఊళ్ళోకే వస్తాడు. రైతు ఎందుకు మారాడో అడగాల్సిన పని లేదు. కానీ నీళ్ళ ఖాతాలో సున్నా ఖర్చు ఉన్న పంట తీసి 20 లక్షల లీటర్ల పంట పెట్టినట్టయ్యింది. చోడి (రాగి), నువ్వు, ఉలవ వేసుకోండి అని చెప్పే అధికారి దగ్గర వాటికి మొక్కజొన్నంత ఆదాయం వచ్చే దారి లేకపోతే ఆ సలహా సభలో చప్పట్లకే. మెరకల్లో నీలగిరి, సరుగుడు తోటలు పెరగడం కూడా ఇలాంటిదే, కూలీలు దొరకరు, కాపలా అక్కర్లేదు, వేరు లోతుకి పోయి తన తడి తాను వెతుక్కుంటది, ఆ తడి ఎవరిదన్నది వేరే సంగతి.

డ్రిప్, స్ప్రింక్లర్ల మీద అందరికీ నమ్మకం ఎక్కువ. ఎకరానికి నీళ్ళు తగ్గుతాయి, అది నిజం. కానీ బోరు పోసేది అంతే ఉంటే, తగ్గిన నీళ్ళతో రైతు ఇంకో అరెకరం తడుపుతాడు, ఎందుకు తడపడు? బోరు మాత్రం అదే తొమ్మిది గంటలు తిరుగుద్ది. ఆదా రైతుకి వచ్చింది, భూమికి రాలేదు.

కుండ చిన్నదైతే ఒక మంచి కూడా ఉంది, ఇది మర్చిపోకూడదు. పంజాబ్‌లో ఏళ్ళ తరబడి దిగిన నీళ్ళు ఒక్క వానాకాలంతో వెనక్కి రావు. ఇక్కడ 80 మిల్లీమీటర్లు ఇంకితే 2 శాతం రాయిలో మట్టం 4 మీటర్లు లేస్తుంది, ఒక మంచి ఏడాది చాలు బావి నిండడానికి. అందుకే ఉత్తరాంధ్రలో నష్టం ఏళ్ళకి ఏళ్ళు పేరుకున్నట్టు గ్రాఫులో కనపడదు, నవంబరు రీడింగు ప్రతి ఏడాదీ బాగానే ఉంటది, దాన్ని చూపించి పరిస్థితి మెరుగని చెప్పడం సులువు. చూడాల్సింది మార్చి, ఏప్రిల్ రీడింగు. దానికి రెండో వైపు కూడా ఉంది, ఒక ఏడాది వాన తప్పితే వెనక నిల్వ ఏమీ ఉండదు. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత ఎప్పుడూ లేనంత పొడి ఆగస్టు. అలాంటి నెల ఇక్కడ పడితే ఉభాలకి, అంటే వరి నాట్లకి, నీళ్ళు లేక ఖరీఫ్‌లోనే బోర్లు నడుస్తాయి, అంటే కుండ నింపుకోవాల్సిన నెలల్లో తోడుకుంటారు, రబీ సంగతి అక్కడే తేలిపోయినట్టు.

ఊరు తన నీళ్ళు తాను లెక్కేసుకోవడం మన రాష్ట్రానికి కొత్తేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల మట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు కూర్చుని ఏ పంట ఎన్ని ఎకరాలు అని మాట్లాడుకున్న ప్రాజెక్టు నడిచింది. ఎవరూ ఎవరినీ ఆపలేదు, జరిమానా లేదు, లెక్క గోడ మీద రాసేవారు, చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం ఆ ఏడింటిలో లేవు, ఎందుకు లేవంటే అప్పుడూ ఇవి సేఫే. రాష్ట్రంలో ఇప్పుడు వెయ్యికి పైగా పీజోమీటర్లు, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లు, ఆన్‌లైన్‌లో మట్టం చెబుతున్నాయి గానీ ఒక మండలానికి ఒకటో రెండో ఉంటాయి, పక్క ఊరి రాయి వేరు. ఊళ్ళో వాడకుండా వదిలేసిన నేలబావి ఒకటి, ముడులు వేసిన తాడు ఒకటి ఉంటే ఆ ఊరికి సరిపడా మీటరు అదే. నాగుల చవితి నాటికి ఒకసారి, నెలనెలా ఒకసారి కొలిచి రాసుకుంటే మూడేళ్ళకి ఎన్ని ఎకరాల మొక్కజొన్న వేస్తే మార్చి దాకా తడి అందుతుందో ఆ ఊరికి ఒక అంచనా వచ్చేస్తుంది. కొలవడం మాత్రం నవంబరులోనే మొదలెట్టాలి, ఎందుకంటే డిసెంబరు దాటితే విత్తనం సంచి అప్పటికే కొనేసి ఉంటారు.